అధ్యక్షుల ఫొటో, అరకిలో ట్రిగ్గర్

2008లో దసరా వెళ్లిన మరుసటి వారం నన్ను సూర్యాపేటకు ప్రత్యేక డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌ని. హోదా సహాయ రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్. ఆర్మరర్ అంటే ఆయుధం పట్టుకుని తిరిగేవాడని చాలామంది అనుకుంటారు. కాదు, బాగుచేసేవాడు. తుపాకీ సరిగ్గా పేలితే పేరు పేల్చినవాడిది, పేలకపోతే మాట పడేది మేం.

డ్యూటీ విచిత్రమైనది. అక్కడి డివిజన్ షూటింగ్ సంఘం వాళ్ల ఎయిర్ పిస్టల్ ఒక సభ్యురాలి చేతిలో 'అదుపు తప్పింది' కనుక, తప్పు పిస్టల్‌దో సభ్యురాలిదో తేల్చగల నిపుణుణ్ణి పంపమని సంఘం మా ఆఫీసును కోరింది. మా పై అధికారి నన్ను పిలిచి మూడు ముక్కల్లో ఆదేశమిచ్చాడు. పోయి చూడాలి, చిన్న రిపోర్టు రాయాలి, ఎవరినీ నొప్పించకూడదు. మొదటి రెండూ నా ఉద్యోగంలో రోజూ ఉండేవే. మూడోదానికి మా శాఖలో శిక్షణ ఇవ్వరు.

సంఘం పేరులో సూర్యాపేట ఉన్నా, దాని పిస్టల్ మిర్యాలగూడలో ఉండేది. ఎందుకంటే సంఘం అధ్యక్షులు సత్యనారాయణ గారు మిర్యాలగూడలో రైసు మిల్లు యజమాని. షూటింగ్ రేంజి కూడా ఆయన మిల్లు పక్క గోదాములోనే. బస్తాలు లేని కాలంలో అది రేంజి, బస్తాలు వస్తే గోదాము. కార్యదర్శి భాస్కర్ గారు కోదాడలో ఒక కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు. పోటీలు అక్కడ. సమావేశాలు మాత్రం సూర్యాపేటలో, మార్కెట్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు మేడ మీద గదిలో. ఇలా సంఘం మూడు ఊళ్లలో విస్తరించి ఉండగా, పిస్టల్ మాత్రం ఒక్కటే ఉండేది.

ఆ పిస్టల్ గురించి కొంచెం చెప్పాలి. పది మీటర్ల దూరం నుంచి కాగితం టార్గెట్ మీద చిన్న సీసపు పెల్లెట్ కొట్టే పోటీ పిస్టల్ అది. విదేశీ సరుకు. గొట్టం కింద గాలి సిలిండరు ఉంటుంది. లోపల ఒక చిన్న సుత్తి, ఆ సుత్తిని పట్టి ఉంచే ఒక కొక్కెం. ఆ కొక్కేన్ని మేం సియర్ అంటాం. ట్రిగ్గర్‌కు రెండు మెట్లు. మొదటి మెట్టులో వేలు లాగితే ట్రిగ్గర్ తేలిగ్గా వెనక్కి వస్తుంది. కొంత దూరం వచ్చాక గోడ తగిలినట్టు ఆగుతుంది. అది రెండో మెట్టు. షూటర్ అక్కడ ఆగి, గురి నిలబెట్టుకుని, ఒత్తిడి మెల్లగా పెంచుకుంటూ పోతే సియర్ జారి సుత్తి విడుదలవుతుంది. ఈ మొత్తం ఒత్తిడి ఐదు వందల గ్రాములకు తగ్గకూడదని పోటీ నియమం. తగ్గితే పిస్టల్ పోటీకి పనికిరాదు. అంతకంటే ముఖ్యం, అది ఎప్పుడు పేలుతుందో పట్టుకున్నవాడికి తెలియదు.

ఇక జరిగిన సంగతి. శోభ అని త్రిపురారం అమ్మాయి. మిర్యాలగూడలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ ఎన్.సి.సి.లో షూటింగ్ నేర్చుకుంది. ఇంటి దగ్గర తండ్రికి గొర్రెల మంద. సంఘంలో టార్గెట్ నల్లచుక్కను వరసగా కొట్టగలిగింది ఆమె ఒక్కతే. మిగతా సభ్యులకు చుక్కతో పరిచయం తక్కువ. కోదాడలో జరగబోయే ఎంపిక పోటీల్లో గెలిచి ఆమె రాష్ట్ర పోటీలకు వెళ్లాలని కార్యదర్శి ఆశ. ఆమె ఒకరోజు గోదాములో ప్రాక్టీసు చేస్తుండగా పిస్టల్ దానంతటదే పేలింది. ఆ పెల్లెట్ టార్గెట్ల వరస పైన గోడకు వేలాడుతున్న అధ్యక్షుల ఫొటోలో, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట దిగింది.

టార్గెట్ల పైన ఫొటో ఎందుకు ఉందని నేను అడిగాను. పేపర్లో షూటర్ల ఫొటోలు పడ్డప్పుడల్లా వెనక అధ్యక్షులు కూడా కనబడాలని అట్లా తగిలించారట. దండ వేయలేదు కనుక ఆయన బతికే ఉన్నారని చూసేవాళ్లకు తెలుస్తుందని కార్యదర్శి వివరించాడు.

సంఘం రెండుగా చీలింది. పిస్టల్ దానంతటదే పేలితే బొట్టు దగ్గర అంత సూటిగా ఎట్లా తగులుతుంది, గురిపెట్టే కొట్టింది, బహిష్కరించాలి అని ఒక వర్గం. గురిపెట్టి అంత సూటిగా కొట్టగలిగితే రాష్ట్రానికి తప్పకుండా పంపాలి కదా అని కార్యదర్శి వర్గం. మధ్యేమార్గంగా, శోభ ఫొటో ముందు నిలబడి క్షమాపణ పత్రం చదవాలని ఉపాధ్యక్షుడు సూచించాడు. ఆయన ఎరువుల వ్యాపారి, శాంతికాముకుడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. విచారణ తేలేదాకా పిస్టల్ ముట్టకూడదని ఆమె మీద నిషేధం పెట్టారు. కోదాడ పోటీలకు వ్యవధి చాలా తక్కువ ఉంది. సంఘంలో ఇంకో పిస్టల్ లేదు.

నేను మిర్యాలగూడ మిల్లుకు వెళ్లేసరికి వడ్లు దిగుతున్నాయి. తవుడు దుమ్ము గాలిలో తెరలాగా ఉంది. అధ్యక్షులు నన్ను మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించారు. ఫొటోను టేబుల్ మీద బోర్లించి పెట్టుకున్నారు.

"ఆర్మరర్ గారూ, పిస్టల్‌కేం రోగం లేదు. నేను రోజూ కొడుత. నాకెన్నడు గట్ల పేలలే. ఆ పిల్లకు వేలు మీద అదుపు లేదు, గంతే" అన్నారు.

నిజం చెప్పాలంటే నా అనుమానమూ మొదట అదే. నా సర్వీసులో ట్రిగ్గర్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వేళ్ల మీద తేలినవే. కాబట్టి పద్ధతి ప్రకారం ముందు వేలినే పరీక్షించాను. ఈ పిస్టల్‌లో గాలి, పెల్లెట్ లేకుండా ఉత్తి ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే ఏర్పాటు ఉంటుంది. శోభను పిలిపించి, గొట్టం చివర ఒక రూపాయి బిళ్ల నిలబెట్టి నొక్కమన్నాను. వేలు కుదిపితే బిళ్ల పడుతుంది. ఎన్నిసార్లు నొక్కినా ఆమె బిళ్ల కదలలేదు. అధ్యక్షులు తామూ ప్రయత్నిస్తామన్నారు. బిళ్ల దొర్లి పోయి వడ్ల బస్తాల కింద చేరింది. గోదాములో గాలి ఎక్కువ ఉందని ఆయన అభిప్రాయపడ్డారు.

ఆ రోజు ఏం జరిగిందో శోభను అడిగాను. ఆమె తడబడకుండా చెప్పింది.

"చెయ్యి పైకెత్తి మెల్లగ చుక్క మీదికి దించుతం గద సార్. ఎత్తిన కాడ్నే పేలింది. మొదటి మెట్టుల ఉన్న. రెండో మెట్టు దొరకనే లేదు. ఒకదినం దొరుకుతది, ఒకదినం దొరకది. నెలసంది గిట్లనే ఉన్నదని చెప్తనే ఉన్న."

"ఎవరికి చెప్పినవ్?" అన్నాను.

ఆమె అధ్యక్షుల వైపు చూసింది. ఆయన చాయ్ కప్పు వైపు చూశారు.

ఎయిర్ పిస్టల్ షూటర్లు చేతిని టార్గెట్ కంటే పైకి ఎత్తి, అక్కడి నుంచి కిందికి దించుకుంటూ గురి పడతారు. అది అందరూ చేసే పద్ధతి. అంటే పిస్టల్ ముందే పేలితే పెల్లెట్ టార్గెట్ పైనే తగులుతుంది. టార్గెట్ పైన ఎవరి ఫొటో ఉంటే వారికి తగులుతుంది. ఇందులో ద్వేషం అవసరం లేదు.

తర్వాతి పరీక్ష కుదుపు పరీక్ష. పిస్టల్‌ను కాక్ చేసి, అంటే సుత్తిని వెనక్కి లాగి నిలిపి, ట్రిగ్గర్ ముట్టకుండా, పిడి అడుగున అరచేత్తో తట్టాలి. మంచి పిస్టల్ తట్టుకుంటుంది. ఇది మొదటిసారి తట్టుకుంది, రెండోసారి తట్టుకుంది, మూడోసారి టప్పుమని సుత్తి వదిలేసింది. మళ్లీ కొన్నిసార్లు ఏమీ కాలేదు. మళ్లీ వదిలేసింది. మా వృత్తిలో పూర్తిగా చెడిపోయిన ఆయుధం మంచిది, దాన్ని పక్కన పెట్టేస్తాం. అప్పుడప్పుడు చెడిపోయేదే ప్రమాదం. ఆ గోదాములో హమాలీలు తిరుగుతుంటారు. ఆ రోజు ఫొటో బదులు మనిషి కన్ను అడ్డం ఉంటే ఆ విచారణకు నేను కాక వేరే ఆఫీసరు వచ్చేవాడు.

పిస్టల్‌ను అక్కడ విప్పలేదు. విచారణలో ఉన్న ఆయుధాన్ని సంబంధించినవారి ఎదుటే విప్పాలి. గుడ్డలో చుట్టి లక్క సీలు వేశాను. ఆ పనిలో ఉండగా మిల్లు ఫిట్టరు వీరయ్య దగ్గరికొచ్చి, లక్క కాచడానికి మంట పట్టి సాయపడుతూ, తనకు తోచిన ఒక సంగతి చెప్పాడు.

"గా చిన్న స్క్రూలన్ని నేనే తిప్పిన సారూ. సేటు ఊదితె పేలాలె అన్నడు. ఏ స్క్రూ దేనికో నాకేమెరుక? అన్నిట్ని జరంత జరంత లూజు జేసిన. మిల్లు మోటరుకు గట్లనే జేస్తం."

అతనిలో దాపరికమేమీ లేదు. చేసిన పని బాగుందో లేదో తెలుసుకోవాలనే ఆసక్తి కూడా కనబడింది.

సూర్యాపేటలో సమావేశం ఫంక్షన్ హాలు మేడ మీద జరిగింది. కింద ఎవరిదో నిశ్చితార్థం, పైన మా విచారణ. వంటల వాసన మాత్రం రెండింటికీ ఉమ్మడి. సభ్యులు వచ్చారు. అధ్యక్షులు ఫొటోను కుర్చీలో కూర్చోబెట్టారు. శోభ తండ్రితో వచ్చింది. ఆయన పేరు లింగయ్య. తలుపు దగ్గరే చెప్పులు విడిచి, అవి కనబడే చోటే నిలబడ్డాడు.

ఉపాధ్యక్షుడు మళ్లీ క్షమాపణ పత్రం సంగతి ఎత్తాడు. ఒక్క కాగితంతో పోయేదానికి ఇంత పంచాయితీ ఎందుకు బిడ్డా అని శోభను బుజ్జగించాడు.

"తప్పు నాదైతే రాస్త సార్. ట్రిగ్గర్‌దైతే ట్రిగ్గర్ తోటి రాయించుండ్రి" అంది శోభ.

లింగయ్య కంగారుగా బిడ్డ భుజం తట్టాడు గానీ మాట వెనక్కి తీసుకొమ్మని చెప్పలేదు.

నేను సీలు తీసి బరువు పరీక్ష మొదలుపెట్టాను. పోటీల్లో చేసే పద్ధతే. పిస్టల్‌ను కాక్ చేసి, గొట్టం ఆకాశం వైపు నిలువుగా పట్టుకోవాలి. ఐదు వందల గ్రాముల తూకపు గుండుకు ఉన్న కొక్కేన్ని ట్రిగ్గర్‌కు తగిలించి, టేబుల్ మీది గుండును మెల్లగా పైకి లేపాలి. గుండు టేబుల్ వదిలి గాలిలోకి లేచినా సుత్తి పడకపోతే పిస్టల్ పాసు. నేను లేపాను. గుండు ఒక పక్క టేబుల్ మీద ఉండగానే సుత్తి పడింది. మళ్లీ చేశాను. మళ్లీ పడింది.

అధ్యక్షులు పిస్టల్ మీద, నా మీద తమకు అనుమానం లేదనీ, గుండు మీదనే అనుమానమనీ చెప్పారు. పోలీసుల గుండు అరకిలోనే ఉంటుందని నమ్మకమేమిటని అడిగారు. నా గుండు మీద తూనికల శాఖ ముద్ర ఉంది. చూపించాను. ముద్రలు ఎట్లా పడతాయో తమకు తెలుసని ఆయన నవ్వారు. సభలో ఉన్న వ్యాపారులంతా నవ్వారు. సందు మొగలో కిరాణా దుకాణం నుంచి అరకిలో గుండు తెప్పించాలని తీర్మానమైంది.

దుకాణం యజమాని తానే గుండు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. దానికి తీగ చుట్టి ట్రిగ్గర్‌కు తగిలించాను. లేపాను. గుండు టేబుల్ వదిలి గాలిలో ఊగింది. సుత్తి పడలేదు. సభ్యులు చప్పట్లు కొట్టారు. అధ్యక్షులు ఫొటోను ఒడిలోకి తీసుకున్నారు. శోభ ముఖంలో రంగు మారింది. ఆమెకు నా పరీక్షలోని సూక్ష్మాలు ముఖ్యం కాదు. ఆ చప్పట్లతో కోదాడ దూరమైపోతున్నదని అర్థమైంది.

నేను వాదించలేదు. వాదన మా పై అధికారి మూడో ఆదేశానికి విరుద్ధం. ఒక అరకిలో గుండుకు ఆగిన సుత్తి ఇంకో అరకిలో గుండుకు ఆగలేదు కాబట్టి, రెంటినీ ఒకే త్రాసులో వేసి చూస్తే సంఘం వారికి స్పష్టత వస్తుందని మాత్రం విన్నవించాను. కార్యదర్శి భాస్కర్ గారు వెంటనే లేచి, ఎదురుగా ఉన్న బంగారం దుకాణం నుంచి త్రాసు తెచ్చారు. అంత చురుకుదనం ఆయనలో వ్యాయామం క్లాసులో కూడా చూడలేదని తర్వాత ఎవరో అన్నారు.

ఒక పళ్లెంలో నా గుండు, ఇంకో పళ్లెంలో కిరాణా గుండు పెట్టాం. కిరాణా గుండు కొంచెం కాదు, బాగానే పైకి లేచింది. అందరి చూపూ దుకాణదారు మీద పడింది. అతను ఏమాత్రం నొచ్చుకోలేదు.

"ఉత్త అరకిలో తెమ్మన్నరు గద సార్. అమ్మే అరకిలో తెచ్చిన. కొనే అరకిలో గావాలంటె గది ఇంట్ల ఉన్నది, తెమ్మంటరా?" అన్నాడు.

ఇక్కడ సభ తీరు మారిన వైనం చెప్పుకోదగ్గది. హాజరైన సభ్యుల్లో రైసు మిల్లు, ఎరువులు, పత్తి, ఇనుప సామాను వ్యాపారులే ఎక్కువ. గుండ్ల విషయం ఇంతకంటే లోతుకు పోవడం క్రీడా సంఘానికి సంబంధం లేని అంశమని ఏకగ్రీవంగా తీర్మానించి, నా గుండునే అంగీకరించారు. చర్చ లేకుండా నెగ్గిన తీర్మానం ఆ సంఘంలో అదొక్కటేనని భాస్కర్ గారు నా చెవిలో చెప్పారు.

అప్పుడు పిడి విప్పి ట్రిగ్గర్ భాగం బయటికి తీశాను. మామూలుగా అక్కడ మెరిసే ఉక్కు కనబడాలి. ఎర్రటి ముద్ద కనబడింది. వేలితో తీసి వాసన చూశాను. కొబ్బరి నూనె, కుంకుమ, కొంచెం పసుపు, వాటితో మెత్తగా కలిసిపోయిన తవుడు. సంగతి అడిగితే తెలిసింది. దసరా ఆయుధ పూజలో మిల్లు మోటార్లకు, కాటాకు, కారుకు బొట్లు పెట్టి, పిస్టల్‌ను అసలైన ఆయుధం కదా అని ఎక్కువ భక్తితో పూజించారు. ట్రిగ్గర్ దగ్గర మూడు బొట్లు పెట్టి, పైన కొబ్బరి నూనె పోశారు. అంతకుముందు నెల నుంచే వీరయ్య దానికి రోజూ కొబ్బరి నూనె వేస్తున్నాడు.

ఇప్పుడు రోగం పూర్తిగా తెలిసింది. కారణాలు రెండు. స్క్రూలు వదులు చేయడం వల్ల రెండో మెట్టు బరువు సగానికి సగం పోయింది. జిగురు వల్ల సియర్ కొక్కెం పూర్తిగా వెనక్కి వచ్చి కూర్చోవడం లేదు. సుత్తిని అంచుతో మాత్రమే పట్టుకుంటున్నది. పట్టు దొరికిన రోజు నిలుస్తుంది, దొరకని రోజు చెయ్యి ఎత్తిన కుదుపుకే జారుతుంది. ఏ ఒక్క కారణమైనా ఒంటరిగా ఉంటే బహుశా ఇంత దూరం వచ్చేది కాదు.

ఇది చెప్పడం తేలిక, రిపోర్టులో రాయడం కష్టం. పూజ వల్ల చెడిపోయిందని రాస్తే ఒక గొడవ, అధ్యక్షుల ఆజ్ఞ వల్ల చెడిపోయిందని రాస్తే ఇంకో గొడవ. 'ట్రిగ్గర్ యంత్రాంగంలో బాహ్య పదార్థం, అనధికార సర్దుబాటు' అని రాశాను. సభ్యురాలి లోపం ఏమీ లేదని విడిగా, పెద్ద అక్షరాలతో రాశాను. సంఘం తీర్మానాలు కూడా సిద్ధమయ్యాయి. ఇక మీద పూజ పిస్టల్‌కు కాక పెట్టెకు చేయాలి. ఫొటో గోడ మీద ఉండవలసిన చోట లేకపోవడమే ప్రమాదానికి మూలం కనుక దాన్ని ఆఫీసు గదికి మార్చాలి. శోభ మీద నిషేధం 'ఉదారంగా' ఎత్తివేయాలి. ఆ ఉదారత మాటకు ఆమె ఏదో అనబోతే ఈసారి నేనే కళ్లతో వారించాను.

మరుసటి రోజు ఉదయం అదే గదిలో పిస్టల్ బాగుచేశాను. శోభ పక్కనే కూర్చుంది. ఉక్కు భాగాలను పెట్రోలుతో, బ్రష్షుతో కడిగి ఆరబెట్టాను. సియర్ ముఖాలకు నూనె వేయకూడదు. అవసరమైతే అగ్గిపుల్ల మొనకంటినంత గ్రీజు చాలు. తర్వాత స్క్రూలు. ఒకసారి ఒకే స్క్రూ తిప్పాలి, పావు చుట్టుకు మించకూడదు, తిప్పిన ప్రతిసారీ గుండు లేపి చూడాలి. ముందు సియర్ పట్టు సరిచేశాను, తర్వాత రెండో మెట్టు బరువు, తర్వాత మొదటి మెట్టు దూరం. చివరిది ట్రిగ్గర్ స్టాపు. సుత్తి పడ్డాక ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా ఆపేది అది. దాన్ని మరీ ముందుకు బిగిస్తే ట్రిగ్గర్ అసలు పనిచేయదు.

గుండు చెప్పగలిగింది బరువు మాత్రమే. గోడ ఎక్కడ తగలాలో వేలే చెప్పాలి. శోభ కళ్లు మూసుకుని నొక్కి, ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం అని చెప్తూ పోయింది. ఒకచోట ఆగి కళ్లు తెరిచింది.

"గిదే సార్. గీడ దొరికింది."

ఎంపిక పోటీలు కోదాడ కాలేజీ ఆడిటోరియంలో. నన్ను ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌కు, అంటే పోటీకి ముందు ఆయుధాల తనిఖీకి, బాధ్యుణ్ణి చేశారు. ఉదయం సంఘం పిస్టల్‌ను పరీక్షించి, పాసైనట్టు స్టిక్కరు అంటించాను. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పెద్ద వయసువారి వెటరన్ల విభాగంలో అధ్యక్షులు కూడా పేరిచ్చారు. రిలే అంటే ఒకేసారి కొట్టే షూటర్ల వంతు. ఆయన రిలే ముందు, మహిళల రిలే తర్వాత. పిస్టల్ అదే.

అధ్యక్షుల షూటింగును నేను వివరించను. కొన్ని పెల్లెట్లు టార్గెట్ కాగితంలోనే ఉన్నాయి. ప్రతి షాటుకూ ఆయన వెనక్కి తిరిగి, ట్రిగ్గర్ బరువైందనీ పోలీసులు బిగించేశారనీ ప్రేక్షకులకు చెబుతూ వచ్చారు. రిలే మధ్యలో ఒకసారి పిస్టల్ పనిచేయడం లేదని రేంజి వెనక గదికి తీసుకెళ్లారు. ఆయన వెంట వీరయ్య కూడా వెళ్లాడు. తిరిగొచ్చాక షాట్లు త్వరత్వరగా పేలాయి. ఆయన ముఖంలో తృప్తి కనబడింది. స్కోరులో కనబడలేదు.

మహిళల రిలేకు షూటర్లను లైను మీదికి పిలిచారు. సన్నాహక సమయం మొదలైంది. శోభ పిస్టల్ అందుకోబోతుంటే నేను ఆపి, మళ్లీ తనిఖీ చేస్తానన్నాను. అది నియమాల్లో ఉన్న అధికారమే. గుండు లేపాను. టేబుల్ వదలకముందే సుత్తి పడింది.

"ఏమైతది? తేలిగ్గుంటె ఆ పిల్లకే లాభం గద. కొట్టనియ్యుండ్రి" అన్నారు అధ్యక్షులు వెనక నుంచి.

భాస్కర్ గారికి అంతవరకూ ఆయన మీద ఉన్న గౌరవం ఆ క్షణంలో సడలింది.

"లాభమా? రిలే అయ్యాక తనిఖీలో పట్టుబడితే స్కోరంతా రద్దవుతుందండీ! ఆ అమ్మాయి ఏడాది కష్టం మీ స్క్రూకి బలవ్వాలా?" అని అందరి ముందూ అరిచారు.

అధ్యక్షులకు అటువంటి మాట వినడం అలవాటు లేదు. ఆయన కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగారు.

నేను వీరయ్యను పిలిచి ఏ స్క్రూ తిప్పావని అడిగాను. ఈసారి ఒక్కటే తిప్పానని, ఎటు తిప్పాడో ఎంత తిప్పాడో కూడా చేత్తో చూపించాడు. అది తెలియడం పెద్ద మేలు. రెండో మెట్టు స్క్రూను అంత మేరకు వెనక్కి బిగించి గుండు లేపాను. ట్రిగ్గర్ బరువు సరిగ్గా హద్దు మీద ఉంది. ఇంకొంచెం బిగించి లేపాను. గుండు గాలిలో నిలబడింది. ఇంతలో సన్నాహక సమయం పూర్తయింది, పోటీ సమయం నడుస్తున్నది. పక్క లైన్లలో షాట్లు పడుతున్నాయి. పిస్టల్ ఆమె చేతికిచ్చాను. గాలి లేకుండా రెండుసార్లు నొక్కి చూసింది. లైను మీదికి వెళ్లింది.

మొదటి షాట్లు చెదిరాయి. గోడ ఉదయం ఉన్న చోట లేదు, వెంట్రుక వాసి ముందుకొచ్చింది. ఆమె చేయి దించేసి, ఆగి, మళ్లీ ఎత్తింది. కొన్నిసార్లు గురి పట్టి కూడా కొట్టకుండా దించేసింది. నా పక్కన నిలబడ్డ లింగయ్యకు అది నచ్చలేదు.

"గంతసేపు సూసి కొట్టకుండ దించుడేంది సార్? టైం పోతలేదా?" అన్నాడు.

కొట్టకుండా దించడమే ఈ ఆటలో కష్టమైన భాగమని చెప్పాను. ఆయన కాసేపు బిడ్డను చూసి, మంద దారి తప్పితే అరవకుండా నిలబడాలె, అరిస్తె ఇంక చెదురుతది, గట్లనా అన్నాడు. గట్లనే అన్నాను.

నడుమ నుంచి షాట్లు చుక్కలో కుదురుకున్నాయి. నలభై షాట్ల పోటీలో చివరి షాటుకు గడువు దగ్గరపడింది. రేంజి ఆఫీసరు గడియారం చూస్తున్నాడు. శోభ చేయి ఎత్తింది, దించుకొచ్చింది, ఆగింది. పెల్లెట్ వెళ్లింది. ఆమె పిస్టల్‌ను టేబుల్ మీద పెట్టి, రెండు చేతులూ చున్నీకి తుడుచుకుని, అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

రాష్ట్ర పోటీలకు ఎంపికైనవారిలో ఆమెది చివరి పేరు. రిలే తర్వాత పిస్టల్‌ను మళ్లీ తనిఖీ చేశాను, పాసైంది. బహుమతుల సభలో క్రీడలకు చేసిన విశిష్ట సేవకు అధ్యక్షులకు శాలువా కప్పారు. ఆ రోజు ఆయన సేవ నుంచి ఎంత త్రుటిలో తప్పించుకున్నామో శాలువా కప్పినవారికి తెలియదు. సభలో ఆయన ట్రిగ్గర్ నియమాల ఆవశ్యకత మీద చాలాసేపు ప్రసంగించారు. సారాంశం సరైనదే.

రాష్ట్ర పోటీల్లో శోభకు పతకం రాలేదు, మధ్యస్థంగా నిలిచింది. రెండు మూడేళ్ల తర్వాత పరీక్ష రాసి అటవీ శాఖలో చేరింది. షూటింగ్ వల్ల వచ్చిన ఉద్యోగమా అని చాలామంది అడుగుతారు. కాదు, మార్కుల వల్ల వచ్చింది. నేను 2014లో పదవీ విరమణ చేశాను. అప్పటికి ఆ సంఘానికి రెండో పిస్టల్ కూడా వచ్చింది. అధ్యక్షులు మాత్రం వారే.

ఈ ఉదంతం తర్వాత నా పని పద్ధతిలో ఒక్క మార్పు చేసుకున్నాను. అంతకుముందు ట్రిగ్గర్ మీద ఫిర్యాదు వస్తే వేలిని పరీక్షించి, ఆయుధం విప్పి, తర్వాత కావాలంటే మనుషుల్ని అడిగేవాణ్ణి. ఆ తర్వాత, చివరగా దీన్ని ఎవరు ముట్టారు, ఎవరు ముట్టమన్నారు అని ముందు అడగడం మొదలుపెట్టాను. రెండు ప్రశ్నలకూ ఒకే పేరు జవాబుగా రావడం చాలా అరుదు. ఆ రెండు పేర్లూ తెలిశాకే పెట్టెలోంచి స్క్రూలు తిప్పే అలెన్ కీ బయటికి తీసేవాణ్ణి.